గండేరా నుంచి ష్పేట్‌లేజే దాకా: పంటకు రకం కట్టేదెవరు, ధర చేరేదెవరికి?

అంబాజీపేట మార్కెట్ కొబ్బరి ధరలు కోనసీమ జిల్లా పేజీల్లో ఒక చిన్న గడిలో అచ్చవుతాయి. పైన కొత్త కొబ్బరి క్వింటాలుకు ఇంత, రెండో రకం ఇంత. తరువాత కురిడీ పాతవి: గండేరా వెయ్యికి ఇంత, గటగట వెయ్యికి ఇంత. కురిడీ కొత్తవి: మళ్లీ గండేరా, గటగట. అట్టడుగున నీటికాయ: పాతది, అంటే ముక్కుడు కాయ, వెయ్యికి ఇంత, కొత్తది, అంటే పచ్చికాయ, వెయ్యికి ఇంత. మొత్తం ఎనిమిది వరుసలు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో తోట ఉన్న చాలామందికి వీటిలో పనికొచ్చేది ఒక్కటే, అన్నిటికన్నా కిందిది. రెండు నెలలకోసారి దింపు తీయించి వాళ్లు అమ్మేది పచ్చికాయ. మిగతా ఏడు వరుసలూ ఆ కాయ తోట దాటి వెళ్లాక దానికి వచ్చే పేర్లు.

ఒకే చెట్టు కాయకు ఎనిమిది ధరలు ఎందుకు పుట్టాయి? ఈ రకాలు ఎవరు పెట్టారు, ఏది కొలిచి పెట్టారు, ఆ కొలతలో రైతు చేసిన పని ఎంత కనిపిస్తుంది? కొబ్బరి ధర పడినప్పుడల్లా మనం మద్దతు ధర గురించే మాట్లాడుకుంటాం, ధర పెరిగినప్పుడు అదీ మాట్లాడుకోం. రకాల సంగతి ఎప్పుడూ పక్కనే ఉండిపోతుంది. నా అభిప్రాయంలో ధరకన్నా ముందు చూడాల్సింది దాన్నే. రకం ఎలా కడితే ధర ఆ దారినే నడుస్తుంది. ఈ మాటకు పెద్ద సాక్ష్యం మన దగ్గర కాదు, జర్మనీ ద్రాక్షతోటల్లో ఉంది. అక్కడ వైన్‌కు తరగతులు కట్టే పనిని చట్టంలోకి ఎక్కించి, యాభై ఏళ్లు నడిపి, ఇప్పుడు తిరగరాసుకుంటున్నారు. వాళ్ల అనుభవాన్ని పక్కన పెట్టుకుని అంబాజీపేట గడిని చదివితే మనకు కనబడని వరుసలు కనబడతాయి.

ముందు మన వరుసలు. కొత్త కొబ్బరి అంటే ముదురు కాయ పగలగొట్టి ఎండబెట్టిన చిప్పల కొబ్బరి. అది నూనె మిల్లుకు పోతుంది. తేమ ఆరేడు శాతానికి దిగాలి. బాగా ఎండిన కొబ్బరి బరువులో మూడింట రెండొంతులకు దగ్గరగా నూనె ఉంటుంది కాబట్టి మిల్లువాడు నిజానికి కొనేది నూనెనే. ఎండుతున్న రోజుల్లో ముసురు పట్టిందా, ముక్క నల్లబడి బూజు ఎక్కుతుంది, రెండో రకానికి జారుతుంది. ఇక్కడ రకాన్ని తేల్చేవి ఎండా, తేమా.

కురిడీ కథ వేరు. ముదురు కాయను డొక్క తీయకుండానే గాలి ఆడే గోదాములో, అటకల మీద పోసి వదిలేస్తారు. ఎనిమిది నెలలు పట్టవచ్చు, ఏడాది పట్టవచ్చు. లోపలి నీరు నెమ్మదిగా ఇంకుతుంది, కొబ్బరి చిప్పను వదిలి గుండులా విడిపోతుంది. కాయ ఊపితే ఆ గుండు కదిలిన చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు ఒలిచి, చిప్ప పగలగొట్టి, గుండు చితకకుండా బయటికి తీస్తారు. ఈ లోపు కొన్ని కాయలు కుళ్లుతాయి, కొన్ని మొలకెత్తుతాయి, కొన్ని ఎలుకల పాలవుతాయి. మిగిలినవే కురిడీలు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఎండు కొబ్బరి గుండుకు పూజల్లో, పెళ్లిళ్లలో, మిఠాయిల్లో గిరాకీ ఎక్కువ. అందుకే అంబాజీపేట లారీలు మహారాష్ట్ర, గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, బీహార్ వైపు వెళ్తాయి. కురిడీల్లోనే రెండు రకాలు: గండేరాకు గటగట కన్నా ధర పైన ఉంటుంది. పాతదీ కొత్తదీ వేరువేరుగా పలుకుతాయి.

నీటికాయకు పండుగలే ప్రాణం. దసరా నవరాత్రులు, దీపావళి, ఆ తరువాత బీహార్‌లో ఛఠ్. ఈ రోజులకు ముందు గిరాకీ లేస్తుంది, అయిపోగానే పడిపోతుంది. బొండాల బేరం ఈ గడిలోకి రాదు. అది తోట దగ్గరే తేలిపోతుంది, హైదరాబాద్ లాంటి నగరాల ఎండాకాలం దాని ధర నిర్ణయిస్తుంది.

ఈ ఎనిమిది వరుసల్లో ఉన్నదంతా కాయ స్థితి. పచ్చిదా, నీరు తగ్గిందా, ఎండిందా, ఎంతకాలం నిలవ ఉంది అన్నదే. ఏ తోటది, ఏ నేలది, ఏ రకం చెట్టుది, ఒక్కో కాయలో ఎన్ని గ్రాముల కొబ్బరి ఉంది అన్నవాటికి ఒక్క వరుసా లేదు. వ్యాపారికి ఈ పట్టిక చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అతను చేసే పనిని అది కొలుస్తుంది. ఎండబెట్టడం, నిలవ పెట్టడం, ఏరడం, లోడు చేయడం అతని పనులు. రైతు పని, అంటే నేలనూ చెట్టునూ కాయ బరువునూ చూసుకోవడం, పట్టికలోకి రాదు.

ఇక జర్మనీ. అక్కడ వైన్‌కు తరగతి కట్టిన కొలత పేరు ఓక్స్‌లే. ఫోర్ట్స్‌హైమ్ పట్టణానికి చెందిన ఫెర్డినాండ్ ఓక్స్‌లే అనే పనిముట్ల తయారీదారు 19వ శతాబ్దం తొలి సగంలో ద్రాక్షరసం సాంద్రత కొలిచే సాధనాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. లీటరు నీటికన్నా లీటరు ద్రాక్షరసం ఎన్ని గ్రాములు ఎక్కువ తూగితే అన్ని డిగ్రీలు. 1,076 గ్రాములు తూగితే 76 డిగ్రీలు. ఆ అదనపు బరువులో చాలా భాగం చక్కెర. చలి దేశంలో ద్రాక్ష పండటమే కష్టం కాబట్టి చక్కెర ఎక్కువున్న పండు మంచి ఏడాదికి, మంచి వాలుకు గుర్తుగా ఉండేది.

1971 వైన్ చట్టం ఈ కొలతనే గుణానికి నిచ్చెనగా పెట్టింది. మామూలు నాణ్యమైన వైన్‌కు పైన కాబినెట్. దాని పైన ష్పేట్‌లేజే, అంటే ఆలస్యంగా కోసిన పంట. ప్రాంతాన్ని బట్టి కనీసం 76 నుంచి 90 డిగ్రీలు. ఆపైన ఏరి కోసిన గుత్తుల ఔస్‌లేజే, 83 నుంచి 100. ఆపైన ఒక్కో పండూ ఏరే బేరెన్‌ఔస్‌లేజే, 110 నుంచి 128. శిఖరాన ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజే. చెట్టు మీదే ముడుచుకుపోయి కిస్‌మిస్‌లా మారిన పళ్లను ఒక్కొక్కటిగా ఏరి చేసేది, కనీసం 150 డిగ్రీలు ఉండాలి. గడ్డకట్టిన పళ్లను చలిలోనే పిండి చేసే ఐస్‌వైన్ 1982 నుంచి విడి తరగతి. మామూలు వైన్‌కు పులియబెట్టే ముందు బయటి చక్కెర కలపవచ్చు. ఈ పై మెట్ల వాటికి కలపకూడదు. అక్కడి తరగతుల్లో ఇదొక గట్టి గీత.

ఈ నిచ్చెనలో పైకి పోయేకొద్దీ ధర ఎందుకు పెరుగుతుంది? పంట కోయకుండా నిలిపినన్ని రోజులూ వాన పడవచ్చు, వడగళ్లు పడవచ్చు, పక్షులు తినిపోవచ్చు, తెగులు పట్టవచ్చు. పండులో నీరు ఇంకేకొద్దీ రసం తగ్గుతుంది. మొత్తం వాలు మీద చివరికి దక్కేది కొన్ని సీసాలే. జార్ నది ప్రాంతంలో షార్ట్స్‌హోఫ్‌బెర్గ్ అనే వాలు మీద ఎగోన్ మ్యుల్లర్ కుటుంబం చేసిన 2003 నాటి ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజే 2015లో ట్రియర్ వేలంలో సీసా 12,000 యూరోలు పలికింది. నీరు ఇంకిన పండుకు, ఎదురుచూపుకు, మధ్యలో పోయినదానికి కలిపి కట్టిన ధర అది. మన కురిడీకి వచ్చే అదనపు ధరా అదే లెక్కలో పుట్టింది. నీరు ఇంకడం, కాలం గడవడం, కొంత పోవడం. మొత్తాలు ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం, లెక్క మాత్రం ఒకటే.

1971 చట్టం ఉద్దేశం మంచిదే అని నేను అనుకుంటాను. పెద్ద ఎస్టేటు అయినా చిన్న రైతు అయినా, ఏ ఊరి వాలైనా, పండు తగిన డిగ్రీలు చేరితే పై మెట్టు పేరు రాసుకోవచ్చు. పుట్టుకతో వచ్చే హోదా ఎవరికీ లేదు. కానీ కొలత ఒక్కటే అయ్యేసరికి అందరూ ఆ ఒక్కదాని వెంట పడ్డారు. తొందరగా చక్కెర పట్టే కొత్త సంకర రకాలు ఒర్టేగా, ఒప్టిమా లాంటివి వచ్చాయి. నిటారు రాతి వాలు మీద నడుము వంచి రీస్లింగ్ ద్రాక్ష పండించే రైతు ష్పేట్‌లేజే అని రాస్తే, చదును పొలంలో యంత్రంతో కోసిన సంకర రకం వాడూ అదే మాట రాశాడు. పదం ఒకటే అయినప్పుడు కొనేవాడు చౌకదాన్ని తీసుకుంటాడు. మెల్లగా ఆ పదం ధర పడింది, దానితో పాటు వాలు మీది రైతు ధరా పడింది.

అదే చట్టం తోటల పేర్లనూ కుదించింది. దాదాపు 30,000 ఉన్న తోటల పేర్లు 2,600 దగ్గరికి వచ్చాయి. దానికి తోడు చాలా ఊళ్లను కలిపి పెద్ద సముదాయాలు చేసి వాటికీ తోటపేరులాగే వినిపించే పేర్లు పెట్టారు. మోజెల్ నది మీది పీస్‌పోర్ట్ ఊరినే చూడండి. పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రోప్ఫ్‌షెన్ అంటే పేరున్న ఒక వాలు. పీస్‌పోర్టర్ మిషెల్స్‌బెర్గ్ అంటే చుట్టుపక్కల ఎన్నో ఊళ్ల పంట చేరే పెద్ద సముదాయం. సీసా మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇంగ్లండు దుకాణంలో కొనేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? 1970లు, 80లలో చౌక తీపి లీబ్‌ఫ్రౌమిల్‌ష్ అనే వైన్ విదేశాలను ముంచెత్తింది. 1985లో ఆస్ట్రియా వైన్లలో డైఇథిలిన్ గ్లైకాల్ కలిపిన మోసం బయటపడి, జర్మన్ సీసాలు నింపేవారి దాకా పాకింది. జర్మన్ వైన్ అంటే చౌక తీపి నీళ్లనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు వాలు రైతులు తెచ్చుకున్నది కాదు, కానీ దాని భారం వాళ్లే మోశారు.

సరిదిద్దే పని ప్రభుత్వం మొదలుపెట్టలేదు. 1910లో పుట్టిన వీడీపీ అనే ఎస్టేట్ల సంఘం మొదలుపెట్టింది. ఇప్పుడు దాని సభ్యులు దాదాపు 200 మంది. 2012లో వాళ్లు నాలుగు మెట్ల సొంత పద్ధతి ఖాయం చేసుకున్నారు. ఎస్టేటు వైన్, ఊరి వైన్, మొదటి తరగతి తోట, మహా తోట. ఇక్కడ నిచ్చెన చక్కెర మీద కాదు, నేల మీద నిలబడింది. మహా తోటలో దిగుబడి హెక్టారుకు 50 హెక్టోలీటర్లు మించకూడదు, కోత చేతితోనే. అక్కడి తీపి లేని వైన్ పేరు గ్రోసెస్ గెవెక్స్. ఒక విశేషం చూడండి. జర్మనీలో తీపి లేని వైన్లలో బాగా ఖరీదైనవి చాలావరకు ఇవే. వీటి మీద ష్పేట్‌లేజే అనో ఔస్‌లేజే అనో ఉండదు. చట్టం దృష్టిలో ఇవి మామూలు నాణ్యమైన వైన్లు, సూపర్‌మార్కెట్లో అట్టడుగు అరలో ఉన్నదాని తరగతే. చట్టపు నిచ్చెన ఒకవైపు, ధర నిచ్చెన ఇంకొకవైపు. రైతులు కలిసి తమ రకం తామే కట్టుకుని, దానికి తగ్గ క్రమశిక్షణ తామే పెట్టుకుంటే ధర వారి వెంట వచ్చింది.

2021లో వైన్ చట్టాన్ని సవరించి ప్రాంతం, ఊరు, తోట అనే వరుసను చట్టంలోకి తెచ్చారు. పేరు ఎంత చిన్న చోటుకు చెందితే నియమాలు అంత కఠినం. వాతావరణం కూడా ఈ మార్పును తొందరపెట్టింది. వేసవులు వేడెక్కి ఇప్పుడు ద్రాక్షకు చక్కెర సులువుగా పడుతోంది. ఒకప్పుడు అరుదైనదానికి గుర్తుగా ఉన్న డిగ్రీ ఇప్పుడు దాదాపు అందరికీ అందుతోంది. అందరికీ అందేదాన్ని కొలిచి ధరలో తేడా చూపించలేరు.

ఈ కొత్త నిచ్చెన నిజానికి చాలా పాతది. 1868లో ట్రియర్ జిల్లాకు ప్రష్యా ప్రభుత్వం చేయించిన పటంలో మోజెల్, జార్ లోయల ద్రాక్షతోటలను ఆదాయం బట్టి రంగులద్ది చూపించారు. ఎక్కువ ఇచ్చే వాలు ముదురు రంగు, తక్కువ ఇచ్చేది లేత రంగు. ఉద్దేశం పన్ను. ఇవాళ మేలైన తోటలేవో వాదించుకునేవాళ్లు ఆ పటాన్నే ముందు పెట్టుకుంటున్నారు. మనకూ అలాంటిది లేకపోలేదు. రైత్వారీ సెటిల్‌మెంటు రికార్డుల్లో ప్రతి నేలకూ తరం కట్టి, ఆ తరాన్ని బట్టి శిస్తు వేశారు. శిస్తు వసూలుకు నేలకు తరం ఉంది. అదే నేల మీద పండిన కాయకు బజారులో తరం లేదు.

నేల తేడా కోనసీమలో చిన్నది కాదు. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఉన్న ఈ ముక్కలో లంకల ఒండ్రు ఒకటి, కాలువల కింది బరువు నేల ఇంకొకటి, సముద్రం వైపు సఖినేటిపల్లి, మలికిపురం ఇసుక మరొకటి. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు పోటు నీరు ఎగదన్ని, తోటల్లో ఉప్పు నిలిచి, చెట్లు మొవ్వు మాడి మొండేలుగా మిగిలాయి. అక్కడి రైతు అమ్ముకునే కాయా, ఆత్రేయపురం వైపు కాలువ గట్టు మీది కాయా ఒకే వరుసలో వెయ్యి లెక్కన పోతాయి. కష్టమూ నష్టమూ నేల మీద ఆధారపడుతుంటే ధర మాత్రం నేలను అడగదు.

అన్నిటికన్నా నష్టం చేస్తున్నది ఈ వెయ్యి లెక్కే అని నా నమ్మకం. ప్రభుత్వం మద్దతు ధరను కొబ్బరికి క్వింటాళ్లలో ప్రకటిస్తుంది. రైతు కాయను వేలల్లో అమ్ముతాడు. ఈ రెంటి మధ్య వంతెన ఒక్కటే, కాయలో ఎన్ని గ్రాముల కొబ్బరి ఉందన్నది. దాన్ని తోట దగ్గర ఎవరూ తూచరు. 2026 సీజనుకు మిల్లు కొబ్బరి మద్దతు ధర క్వింటాలు 12,027 రూపాయలు. కాయకు 150 గ్రాముల కొబ్బరి వచ్చే తోటలో వెయ్యి కాయల్లో ఉన్న సరుకు ఆ లెక్కన దాదాపు 18,040 రూపాయలు. 120 గ్రాములే వచ్చే తోటలో 14,430. తేడా 3,600 పైన. పగలగొట్టి ఎండబెట్టే కూలీ ఇందులోంచి తీయాలి, డొక్కకూ చిప్పకూ వచ్చేది కలపాలి. అయినా తేడా మాయమవదు. వెయ్యి లెక్కన అమ్మినప్పుడు ఈ తేడా బేరంలో కరిగిపోతుంది. వ్యాపారి కంటితో సైజు అంచనా వేస్తాడు, అనుభవం ఉన్నవాడు కాబట్టి అతని అంచనా చాలావరకు సరిగానే ఉంటుంది. కానీ ఆ అంచనా అతని దగ్గరే ఉంటుంది. రైతు చేతిలో దానికి సమాధానంగా అంకె ఉండదు. కేరళలో ఒలిచిన కాయను కిలోల్లో కొనడం మామూలు. అక్కడ కాయ బరువు కాటా మీదే కనబడుతుంది.

లెక్క వెయ్యిలో ఉంటే మంచి చెట్టుకు ప్రతిఫలం ఎక్కడుంటుంది? అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం దశాబ్దాలుగా కొబ్బరి రకాల మీద పనిచేస్తోంది. తూర్పుతీరపు పొడుగు రకాన్ని గంగబొండం అనే రకంతో కలిపి గోదావరి గంగ, ఫిలిప్పీన్స్ ఆర్డినరీ నుంచి ఎంపిక చేసి డబుల్ సెంచురీ, ఆ ఫిలిప్పీన్స్ రకాన్నే గంగబొండంతో కలిపి వైనతేయ గంగ, గంగబొండంలోంచి గౌతమి గంగ. ఒక్కోదాని కాపు వేరు, కాయ సైజు వేరు, కొబ్బరి బరువు వేరు, బొండానికి పనికొచ్చే తీరు వేరు. శాస్త్రవేత్తలు గ్రాములు చూసి రకం ఎంచుతారు. బజారు వాటన్నిటినీ పచ్చికాయ అనే ఒకే వరుసలో పోస్తుంది. బరువుకు ధర లేకపోతే రైతు చెట్టుకు ఎన్ని కాయలన్నదే చూసుకుంటాడు, అది న్యాయమే. జర్మనీలో చక్కెర డిగ్రీ చేసిన పని ఇక్కడ కాయల సంఖ్య చేస్తోంది.

తెగుళ్ల మాటా ఇక్కడే వస్తుంది. నల్లి పట్టిన కాయ పైన గోధుమరంగు మచ్చలు పడి పగులుతాయి, కాయ చిన్నదవుతుంది. 2016 తరువాత వచ్చిన సర్పిలాకార తెల్లదోమ ఆకుల అడుగున చేరి రసం పీలుస్తుంది, పైన నల్లటి మసి కమ్ముతుంది, కాపు తగ్గుతుంది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ తోటలను నేలకూల్చిన సంగతి ఆ తరంవాళ్లు ఎవరూ మరచిపోలేదు. 2025 అక్టోబరు చివరన వచ్చిన మొంథా తుపాను ఆ భయాన్ని మళ్లీ లేపింది. ఇన్ని దెబ్బల మధ్య చెట్టును నిలబెట్టుకునే ఖర్చు బజారు లెక్కలో ఎక్కడో ఒకచోట కనబడాలి కదా.

ఇప్పుడు మద్దతు ధరలో రెండు రకాల మధ్య తేడా చూద్దాం. కేంద్రం రెండు రకాలకే ధర ప్రకటిస్తుంది: మిల్లు కొబ్బరి, గుండు కొబ్బరి, అంటే మన కురిడీ. 2014లో మిల్లుకు 5,250, గుండుకు 5,500. తేడా 250. 2019లో 9,521, 9,920. తేడా 399. 2023లో 10,860, 11,750. తేడా 890కి పెరిగింది. 2024లో 11,160, 12,000. ఆ ఏడాది నుంచి తేడా తగ్గుముఖం. 2025లో 11,582, 12,100, తేడా 518. 2026లో 12,027, 12,500, తేడా 473. అంటే కాయను ఎనిమిది నెలలో, ఏడాదో కదల్చకుండా నిలవ పెట్టినందుకు ప్రభుత్వం గుర్తించిన అదనం నాలుగు శాతం లోపే. పంట రుణాన్ని గడువులోగా తీర్చిన రైతుకు పడే రాయితీ వడ్డీయే నాలుగు శాతం. కుళ్లినవీ మొలకెత్తినవీ ఎవరి ఖాతాలో వేసుకోవాలి?

బజారు ధరకు ఈ అంకెలతో పని ఉండదనేది నిజమే. 2025లో కొబ్బరి ధర మద్దతు ధరకు రెట్టింపు దాటింది, పచ్చికాయకు కోనసీమ రైతు ఎన్నడూ చూడని ధర వచ్చింది. కానీ మద్దతు ధర అక్కరకు రావాల్సింది ధర పడిపోయిన ఏడాదే. అప్పుడు ప్రభుత్వం తరఫున కొనే నాఫెడ్ కొనుగోలు కేంద్రం తెరిచినా, అక్కడ తీసుకునేది ఎండు కొబ్బరి, అదీ తేమా రంగూ ప్రమాణాలకు సరిపడినది. పచ్చికాయ అమ్మే రైతు ఆ గుమ్మం ఎక్కాలంటే ముందు తన కాయను వ్యాపారి చేసే పని చేసి మార్చుకోవాలి. కల్లం కావాలి, ఎండ కావాలి, కూలీలు కావాలి, అన్నాళ్లు ఆగే చేతి డబ్బు కావాలి. దింపుకూ ఒలుపుకూ మనుషులు దొరకని రోజుల్లో ఇవన్నీ సమకూర్చుకోగలిగేది ఎందరు? అందువల్ల మద్దతు కూడా చాలాసార్లు పై ఏడు వరుసల వారికే ముందు చేరుతుంది.

ఊరి పేరుకు విలువ కట్టడం మనకు తెలియని విద్య కాదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తమిళనాడులో కన్యాకుమారి జిల్లా ఈత్తామొళి పొడుగు కొబ్బరికీ ఆ గుర్తింపు ఉంది. గుర్తింపు వస్తే ధర దానంతటదే పెరుగుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోకూడదు. అది పేరును దొంగిలించకుండా కాపాడుతుంది, నాణ్యతను పుట్టించదు. వీడీపీ సభ్యులు దిగుబడికి హద్దు పెట్టుకున్నారు. కోత పద్ధతికీ హద్దు పెట్టుకున్నారు. పేరు ఆ హద్దుల మీద నిలిచింది. కోనసీమ అన్న మాటకు తెలుగువాళ్లలో ఉన్న మమకారం సహజంగా వచ్చిన సంపద. కానీ ఆ మాట లారీ ఎక్కిన బస్తా మీద లేకపోతే, ఏరకుండా కలిపేసిన కాయల మీద అంటిస్తే, పీస్‌పోర్ట్ ఊరి పేరుకు పట్టిన గతే దీనికీ పడుతుంది.

పెద్ద చట్టాలు అక్కర్లేదు, చిన్న పనులతో మొదలుపెట్టవచ్చు. దింపు దగ్గర వంద కాయలు ఒలిపించి తూచి, ఆ అంకెను బేరంలో పెట్టవచ్చు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు కాయను మూడు సైజులుగా ఏరి, ఒక్కో లాటుకు ఊరి పేరు, దింపు తేదీ రాసి పంపవచ్చు. పరిశోధన స్థానం ఊరి వారీగా కాయ సగటు కొబ్బరి బరువును ప్రతి దింపుకూ ప్రకటించవచ్చు. అంబాజీపేట గడిలో పచ్చికాయ వరుస పక్కన కిలో ధర కూడా అచ్చయితే చాలు, మద్దతు ధరను రైతు తన కాయలోకి మార్చుకుని చదవగలడు. వీటికి ఖర్చు ఉంది, ముఖ్యంగా ఏరే కూలీ. దాన్ని రైతే మోస్తే పని సాగదు. సైజుగా ఏరిన లాటు కొనే వ్యాపారికి మిగిలే శ్రమ తగ్గుతుంది కాబట్టి అతనూ పంచుకోవాలి. వర్తకులు దీనికి శత్రువులు కారు. ఉత్తరాది కొనుగోలుదారు నమ్మే సరుకు వాళ్లకూ కావాలి.

నిలవ సంగతి మాత్రం ప్రభుత్వమే తేల్చాలి. ఊరికొక అటక గోదాము, అందులో పెట్టిన కాయ మీద వెంటనే అప్పు దొరికితే దసరా ముందు అప్పు తీర్చడానికి పచ్చికాయ తెగనమ్ముకునే రైతు కూడా కురిడీ దాకా ఆగగలడు. గుండు కొబ్బరి మద్దతు ధర కట్టేటప్పుడు వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ ఆ ఏడాది నిలవకు వడ్డీనీ, పోయే కాయలనూ విడిగా లెక్కగట్టి చూపించాలి. 473 రూపాయల్లో అవి ఎంతవరకు ఉన్నాయో 2027 సీజను ప్రకటన వచ్చేలోపు కోనసీమ కొబ్బరి రైతులు అడగాలి.